రేవు తెరిచిన ఏడు పుట్టిన మామ్మ

మా మామ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1935 జనవరి 1 అని ఉంటుంది. అది కార్డు రాసినవాళ్ళు వేసిన తేదీ. ఆమెనడిగితే మాత్రం, "రేవు తెరిచిన ఏడు, చలికాలంలో పుట్టాను. మా యమ్మ చెప్పింది" అనేది. విశాఖపట్నం ఓడరేవుని 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి తెరిచాడు. అంతకు రెండు నెలల ముందే, అక్టోబరులో, జలదుర్గ అనే ఓడ మొదటిసారి కాలవ దాటి లోపలికి వచ్చింది. మామ్మ వాళ్ళ నాన్న ఆ రేవులో కూలి. ఊబి నేల తవ్విన చేతులు కాబట్టి ఆ ఇంట్లో రేవు తెరిచిన రోజు ఎవరూ మరిచిపోయే రోజు కాదు. నేను కార్డుని కాదు, మా ముత్తవ్వ మాటనే నమ్ముతాను.

2024 మార్గశిరంలో మామ్మ వెళ్ళిపోయింది. తొంభై ఒక్క ఏళ్ళు. వచ్చినవాళ్ళందరూ "నిండు జీవితం, మనవల్నీ మునిమనవల్నీ చూసింది, బాధపడకూడదు" అన్నారు. నిండు జీవితమే, కాదనను. కానీ ఆ జీవితం దేనితో నిండిందో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అందుకని నాకు గుర్తున్నంత వరకు రాసి పెడదామని కూర్చున్నాను.

మామ్మకి సంవత్సరాల అంకెలు రావు. బడికి వెళ్ళలేదు. ఆమె లెక్కంతా ఊరితోనే. బాంబులేసిన ఏడు, ఓడ దింపిన ఏడు, ఉక్కు గొడవ ఏడు, దీపాలార్పిన ఏడు, గాలివాన ఏడు. మా నాన్న ఉక్కు గొడవ ఏటికి పదిహేనేళ్ళవాడు. మా చిన్నత్త దీపాలార్పిన ఏడు పెద్దమనిషయ్యింది. పెద్దయ్యాక నేను ఆ ఏళ్ళ గురించి పుస్తకాల్లో చదువుకున్నాను, తేదీలు సరిచూసుకున్నాను. ఆమె లెక్క ఎక్కడా తప్పలేదు. అయితే పుస్తకాల్లో ఎక్కడా లేనిది ఒకటి ఆమె చెప్పే ప్రతి కథలోనూ ఉండేది. ఆ రోజు పొయ్యి మీద ఏముంది, ఎవరు తిన్నారు, ఎవరు ఇంకా ఇంటికి రాలేదు. ఆమె చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగేది.

బాంబులేసిన ఏడు అంటే 1942. ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో అనే జపాను యుద్ధనౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మామ్మకి అప్పటికి ఎనిమిదేళ్ళు. వన్‌టౌన్‌లో, రేవుకి దగ్గర్లోనే ఇల్లు. చప్పుడు వినగానే వాళ్ళమ్మ పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసి, చంటివాణ్ణి చంకనేసుకుని, ఈవిడ చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చేసింది. ఊరు ఊరంతా నడుస్తోంది. "అన్నం ఉడికింది. గంజి వార్చలేదు. మా యమ్మ దారంతా అదే అంటాది. మీ అయ్య రాలేదు, గంజి వార్చలేదు, మీ అయ్య రాలేదు, గంజి వార్చలేదు." మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ రెండు మాటలూ అలాగే, వాళ్ళమ్మ గొంతుతోనే, మార్చి మార్చి చెప్పేది.

గోపాలపట్నం దాకా నడిచి, అక్కడ ఎవరిదో బండి దొరికితే ఎక్కి, చోడవరం వైపు వాళ్ళమ్మ పుట్టింటికి చేరారు. మూడో రోజుకి వాళ్ళ నాన్న వెతుక్కుంటూ వచ్చాడు. "వచ్చి ముందు ఏటన్నాడనుకున్నావు? ఇంట్లో అన్నం తిన్నానే అన్నాడు." బాంబులు పడ్డ మర్నాడు ఆయన ఇంటికి వెళ్తే తలుపులు బార్లా తీసి ఉన్నాయట, ఇంట్లో ఎవరూ లేరట, పొయ్యి మీద కుండలో గంజితోపాటు అన్నం పులిసి ఉందట. భార్యాపిల్లలు బతికున్నారో లేదో తెలీదు. ఆ అన్నంలో ఉప్పేసుకుని తినేసి, కుండ కడిగి బోర్లించి, అప్పుడు బయల్దేరాడు. అంత దుఃఖంలో అన్నం ఎలా తినగలిగాడని నేను చిన్నప్పుడు అడిగాను. "తినకపోతే అంత దూరం ఎలగ నడుస్తాడే?" అంది మామ్మ.

ఆ వేసవిలో పట్నం ఖాళీ అయిపోయింది. యూనివర్సిటీని కూడా కొన్నాళ్ళు గుంటూరుకి తరలించారు. మామ్మ వాళ్ళు తిరిగి వచ్చేసరికి చెరకు నాట్లు కూడా అయిపోయాయని చెప్పేది. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో అప్పుడు పడ్డ బాంబు ఒకటి ఉంది. ఒకసారి మామ్మని తీసుకెళ్ళి చూపించాం. చాలాసేపు దాని ముందు నిలబడి, పక్కనున్న బోర్డులో ఏం రాశారో నా చేత చదివించుకుంది. అంతా విని, "ఎవులింటి మీద పడిందో రాయలేదేటి?" అంది. నా దగ్గర సమాధానం లేదు. నిజానికి ఆ బోర్డు రాసేవాళ్ళని అడగవలసిన ప్రశ్నే అది.

ఓడ దింపిన ఏడు మామ్మ పెళ్ళి. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉషని నీళ్ళలోకి దింపాడు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ. అప్పటికి ఆ ఓడల కార్ఖానా ఇంకా సింధియా కంపెనీదే. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టింది. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. కంపెనీ పోయి చాలా కాలమైనా ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సింధియా అనే అంటాం. బస్సుల మీద కూడా అదే పేరు. మా తాత అక్కడ ఫిట్టరుకి హెల్పరు. నెహ్రూని జనం తలల మధ్యలోంచి చూశానని జీవితమంతా చెప్పుకున్నాడు. మామ్మకి నెహ్రూ సంగతి అంత ముఖ్యం కాదు. "ఓడ దిగింది. మీ తాతకి పని ఖాయమయ్యింది. పని ఖాయమయ్యాకే మా అయ్య పిల్లనిచ్చాడు." ఆ వైశాఖంలో పెళ్ళి. పద్నాలుగేళ్ళ పిల్ల, కోటవీధి పక్క సందులో, రెండు గదుల పెంకుటింటికి కాపురానికి వచ్చింది. మధ్యలో ఎన్ని మారినా చివరిదాకా ఆ సందు మాత్రం వదల్లేదు.

తాత తెల్లవారుజామునే లేచి, పడవ దాటి అవతలి ఒడ్డుకి పనికి వెళ్ళేవాడు. క్యారేజీలో అన్నం, అడుగున పులుసు. నలుగురు పిల్లలు పుట్టారు. ఒక్క జీతం చాలదు. మామ్మ విస్తళ్ళు కుట్టడం మొదలుపెట్టింది అప్పుడే.

ఈ విస్తళ్ళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇల్లు నిలబడ్డది వాటి మీద. ఏజెన్సీ నుంచి, పాడేరు వైపు నుంచి, అడ్డాకు కట్టలు కట్టలుగా కురుపాం మార్కెట్‌కి దిగేది. మామ్మ కట్ట తెచ్చి, ఆకు మీద నీళ్ళు చిలకరించి, గోనె కప్పి ఉంచేది. ఎండిన ఆకు కుడితే చిట్లిపోతుంది. మరీ తడిస్తే నల్లబడుతుంది. ఆ మధ్య పదును ఆమె వేలికి తెలుసు. ఒక్కొక్క ఆకునీ తడిగుడ్డతో తుడిచి, పెద్దాకు అడుగున, చిన్నాకులు చుట్టూ, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేలా పరిచి, సన్నటి పుల్ల గుచ్చి, లోపలికి మడిచి, పుటుక్కున తుంపేది. పుల్ల మొన పైకి తేలకూడదు. తినేవాళ్ళ వేలికి గుచ్చుకుంటుంది. చారు పోస్తే కారకూడదు. అది ఆమె పరీక్ష. కొత్తగా కుట్టడం నేర్చుకుంటున్న మా అత్తల విస్తళ్ళలో గ్లాసుడు నీళ్ళు పోసి చూసేది. ఒక్క చుక్క కారినా విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

మాట్లాడుతూ కుట్టేది, పిల్లల్ని తిడుతూ కుట్టేది, దీపం లేకపోయినా కుట్టేది. వంద చొప్పున కట్ట కట్టి మార్కెట్‌లో కొట్టుకి ఇచ్చేది. పెళ్ళిళ్ళ కాలంలో ఇంటినిండా ఆకే. పడుకోవడానికి చోటు ఉండేది కాదని మా నాన్న చెబుతాడు. ఆ పచ్చి ఆకు వాసన ఇప్పటికీ నాకెక్కడైనా తగిలితే చటుక్కున తల తిప్పి చూస్తాను. మా పెద్దత్త పెళ్ళి, మా నాన్న పుస్తకాలు, తాత కాలు విరిగి ఇంట్లో ఉన్న నెలలు, అన్నీ ఆ ఆకుల్లోంచే గడిచాయి. ప్లాస్టిక్ పూత పేపరు ప్లేట్లు వచ్చాక కొట్టువాళ్ళు కొనడం తగ్గించేశారు. ఆమె దాని గురించి ఎప్పుడూ వాపోలేదు. నాకే కష్టంగా ఉంటుంది. అంత నేర్పు ఉన్న చేతిని ఎవరూ చేయి పట్టి మెచ్చుకోలేదు. పెళ్ళిలో తిన్నవాళ్ళెవరికీ ఆ ఆకు ఎవరు కుట్టారో తెలీదు.

ఉక్కు గొడవ ఏడు 1966. ఉక్కు కర్మాగారం విశాఖకే కావాలని రాష్ట్రమంతా లేచింది. అమృతరావు నిరాహారదీక్షకి కూర్చున్నాడు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని గోడల నిండా రాతలు. నవంబరు 1న ఊళ్ళో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. పదిహేనేళ్ళ మా నాన్న పొద్దున్నే పిల్లలందరితో కలిసి ఊరేగింపుకి వెళ్ళాడు, చెప్పకుండా. మధ్యాహ్నానికి కాల్పుల వార్త సందులోకి వచ్చింది. తాత డ్యూటీలో ఉన్నాడు. మామ్మ గుమ్మంలో కూర్చుంది. "నాను ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు సరిగ్గా అవుపడవు. సందు మొగ చూడాలి కదా." చీకటి పడ్డాక ఒక చెప్పుతో వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. కాళ్ళు కడిగి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసి కలిపి, తానే నోట్లో పెట్టింది. పదిహేనేళ్ళవాడికి. నాన్న ఆ రోజు ఏం చూశాడో ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. ఆ మజ్జిగన్నం గురించి మాత్రం చెబుతాడు.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ బాలచెరువు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. దాని కోసం తీసుకున్న ఊళ్ళలో మామ్మ చెల్లెలి అత్తవారి ఊరు కూడా ఉంది. జీడిమామిడి తోటా, తాటిచెట్లూ, ఒక నుయ్యీ. ఆ ఊరు ఖాళీ చేసి వాళ్ళు తర్వాత అగనంపూడి వైపు కొత్త కాలనీకి వెళ్ళారు. ఇప్పుడు మా కథలో ముడి ఇక్కడే ఉంది. ఏ ఉక్కు కోసం నాన్న పదిహేనేళ్ళప్పుడు వీధిలోకి వెళ్ళాడో, ఆ ఉక్కులోనే 1980ల్లో ఆయనకి ఉద్యోగం వచ్చింది. కాగితం పట్టుకుని ఇంటికి వస్తే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మామ్మ కాగితాన్ని చేత్తో తడిమి దేవుడి దగ్గర పెట్టి, "ముందు మీ పిన్నికాడికి ఎల్లి కాళ్ళకి దండం పెట్టు. ఆళ్ళ నూతి నీళ్ళు నువ్వు తాగబోతున్నావు" అంది. నాన్న ఆ సాయంత్రమే వెళ్ళాడు. ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చాక ప్రతి పండక్కీ మొదటి చీర చిన్నమామ్మకి వెళ్ళేది, తర్వాతే మా అమ్మకి. అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. అందులో న్యాయం ఆవిడకీ తెలుసు.

దీపాలార్పిన ఏడు కూడా అదే 1971, చివర్లో. పాకిస్తాన్‌తో యుద్ధం. కిటికీలకి నల్ల కాగితాలు, దీపం బుడ్డి మీద బోర్లించిన డబ్బా. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలోంచి ఒక చప్పుడు వచ్చిందట. కిటికీలు దడదడలాడాయట. ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరానికి దగ్గర్లోనే మునిగిపోయిందని తర్వాత తెలిసింది. "మీ తాత రాత్రి డూటీ. నేను అనుకున్నాను, మళ్ళీ గంజి వార్చకుండా పరిగెత్తాల్సొస్తాదేమో అని. పిల్లల్ని లేపి, చల్లన్నం ఉంటే పెట్టీసాను. ఎందుకేనా మంచిదని." అర్ధరాత్రి నిద్రమత్తులో చల్లన్నం తిన్న సంగతి మా చిన్నత్తకి బాగా గుర్తు.

నేను పుట్టింది ఆ సందులోనే. నాన్నకి క్వార్టరు వచ్చేదాకా, అంటే నాకు పదేళ్ళు వచ్చేదాకా మామ్మ దగ్గరే పెరిగాను. పురిటి స్నానం కాగానే నన్ను బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ముందు పడుకోబెట్టారు. మా ఇంట్లో ప్రతి బిడ్డకీ అంతే. 1912లో నూతిలో దొరికిన అమ్మవారు ఆవిడ. గర్భగుడికి కప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే పడతాయి. ఎవరి చేతులతో వాళ్ళే పసుపు కుంకాలు పెట్టుకోవచ్చు, పాలు పోసుకోవచ్చు. మార్గశిర గురువారాలకి రాత్రి నుంచే లైను. మామ్మ నన్ను భుజాన వేసుకుని ఆ లైనులో నిలబడేది. నిద్ర ముంచుకొస్తుంటే చెవిలో, "కొంచెం ఓర్చుకో గుంటా, తల్లి దగ్గరికొచ్చీసాం" అనేది. ఎంత దూరంలో ఉన్నా అదే మాట.

రేవు మొగలో ఉన్న మూడు కొండలకీ వెళ్ళేవాళ్ళం. వెంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, మేరీమాత గుడి ఉన్న రాస్ హిల్. తాత పనికి వెళ్ళే పడవ ఆ మూడు కొండల కిందనుంచే కదా వెళ్ళేది. "ముగ్గురూ చూస్తారు మీ తాతని. ముగ్గురికీ చెప్పుకోవాలి" అనేది. పక్కింట్లో ఉండే బీబీగారు దర్గాకి వెళ్తే మా తరఫున పూలు తీసుకెళ్ళేది, మామ్మ సింహాచలం వెళ్తే వాళ్ళింటికి పనసపండు తెచ్చేది. దీన్ని ఎవరూ పెద్ద విషయంగా చెప్పుకోలేదు.

ఇక వంట. పొద్దున్న చోడంబలి, ఉల్లిపాయ. జాలరిపేట నుంచి గంపలో చేపలు వచ్చేవి. గంప దింపకముందే, వీధిలోంచే, మామ్మకి వాసన బట్టి తెలిసిపోయేది, కానాగంతలా, నెత్తళ్ళా, నిన్నటివా ఇవాళ్టివా అని. వేసవిలో నెత్తళ్ళు, పుల్ల మామిడికాయ, పచ్చిమిరపకాయలు వేసి మట్టి దాకలో పులుసు పెట్టేది. గరిటె పెట్టేది కాదు. దాకని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పేది, చేప విరగకుండా. ఆ పులుసు రెండో రోజుకి ఇంకా బాగుండేది. మర్నాటికి మిగిలితే కదా. చలికాలంలో అనకాపల్లి బెల్లం కొత్తది వస్తే గోరంత తుంచి నాలుక మీద పెట్టుకుని, "ఈ ఏడు ఉప్పు నీళ్ళు తగిలాయి చెరుక్కి" అనో, "ఇది బెల్లమంటే" అనో తీర్పు చెప్పేది. పనసపొట్టు కూరకి ఆవ ఆమె నూరితేనే నూరినట్టు. నేను చాలా ప్రయత్నించాను, ఆ ఘాటు ముక్కు దాకా వచ్చి ఆగిపోతోంది, మామ్మది నడినెత్తికి ఎక్కేది.

తాత 1989లో పోయాడు. దాని గురించి మామ్మ ఎక్కువ మాట్లాడేది కాదు, నేనూ ఎక్కువ రాయను. ఏడాది తిరక్కముందే ఆవిడ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరింది. ముప్ఫై రెండు కిలోమీటర్లు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం దాకా వచ్చి, స్నానం చేసి, ఎమ్వీపీ, ఇసుకతోట, సీతమ్మధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్ళీ కొండ కిందికి. చెప్పుల్లేకుండా, రాత్రంతా. అప్పటినుంచి ఏటా నడిచింది. డెబ్బై దాటాక మోకాళ్ళు ఒప్పుకోలేదు. నడవలేనప్పుడు ఇంట్లో కూర్చునే మనిషి కాదు. హనుమంతవాక దగ్గర మా మేనమామ కొట్టు ముందు బిందెలు పెట్టించి, నడిచేవాళ్ళకి మజ్జిగ ఇవ్వడం మొదలుపెట్టింది. మజ్జిగ ఆవిడే చిలికేది. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి దంచి, ఉప్పు కాస్త ఎక్కువే. "చెమట పోతాది, ఉప్పుండాలి" అని. గ్లాసు ఇస్తూ ప్రతి ఒక్కరి మొహం చూసేది. ఎవరైనా తూలుతున్నట్టు ఉంటే చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టేది. "అప్పన్న ఎక్కడికీ పోడు. కూకో, తాగి ఎల్లు."

గాలివాన ఏడు అంటే మా అందరికీ తెలిసిన హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆవిడకి ఎనభై దాటాయి. ముందురోజే మేము వెళ్ళి మా ఇంటికి రమ్మంటే రాలేదు. నేను ఆవిడ దగ్గర ఉండిపోయాను. పొద్దున్నుంచీ గాలి మోత, పెంకులు లేచిపోతున్నాయి, సందులో వేపచెట్టు పడిపోయింది. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగింది. వెలుగొచ్చింది. వీధిలోవాళ్ళు తలుపులు తీసుకుని బయటికి రావడం మొదలుపెట్టారు. మామ్మ గుమ్మంలో నిలబడి గొంతు చించుకుని అరిచింది. "ఎవులూ బయటికెల్లకండి! ఇది ఆగడం కాదు. ఇప్పుడు ఎదర్నుంచి వస్తాది. పిల్లల్ని లోపలికి లాగండి, బేగి!" తుపాను కన్ను మా నెత్తి మీద ఉందని మాకు తెలీదు. ఆవిడకి ఆ మాట తెలీదు, విషయం తెలుసు. కాసేపటికే గాలి ఎదురువైపు నుంచి, ఇంకా బలంగా, మొదలైంది. ఆ రోజు ఆవిడ మాట విని లోపలికి వెళ్ళిన పిల్లల్ని ఇప్పుడు చూస్తే పెద్దవాళ్ళయ్యారు. పోయిన రోజు పాడె మోయడానికి వాళ్ళే ముందుకొచ్చారు.

తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి లేదు. ఫోన్లు లేవు. మామ్మ మంచం కింద నుంచి పాత కిరోసిన్ స్టవ్వు బయటికి వచ్చింది. దానికి కావలసిన ఒత్తులు కూడా గుడ్డలో చుట్టి దాచింది. పెద్ద గిన్నెలో బియ్యం, పప్పు కలిపి వండి సందంతా పెట్టింది. మా సందులో చాలామందికి ఆ రోజుల్లో వేడన్నం అదే. గంజి వార్చి, ఆ గంజి కూడా పారబోయకుండా ఉప్పు వేసి పిల్లలకి ఇచ్చింది.

కరోనాని ఆవిడ మూతిగుడ్డల ఏడు అంది. వన్‌టౌన్ వీధులు ఖాళీగా ఉంటే గుమ్మంలో కూర్చుని, "బాంబులేసిన ఏడు ఇలాగే ఉంది. కాకపోతే అప్పుడు జనాలు ఎల్లిపోయారు, ఇప్పుడు లోపలున్నారు" అంది. ఆ తర్వాత చెవులు వినపడటం తగ్గింది. పేర్లు కలిసిపోయేవి. నన్ను మా చిన్నత్త పేరుతో పిలిచేది, నేను పలికేదాన్ని. వీడియో కాల్‌లో మొహం చూపిస్తే ఫోను దగ్గరికి లాక్కుని, నా వెనకున్న గిన్నెలోకి చూడటానికి ప్రయత్నించేది. ఏం కూర అని. టొమాటో పప్పు అంటే పెదవి విరిచేది. చేపలంటే, ఎక్కడ కొన్నావు, ఎంతకి కొన్నావు, మోసపోయావా లేదా, మొత్తం చెప్పాల్సిందే.

చివరి వారం అన్నం మానేసింది. అది మాకందరికీ భయం వేసిన సంగతి. డాక్టరు వచ్చి చూసి, వయసు అన్నాడు. మా నాన్న, డెబ్బై మూడేళ్ళ మనిషి, మంచం పక్కన కూర్చుని మజ్జిగన్నం మెత్తగా పిసికి చెంచాతో పెట్టాడు. రెండు చెంచాలు తింది. తర్వాత నాన్న చెయ్యి ఆపి, "నువ్వు తిన్నావా?" అంది. స్పష్టంగానే అంది. నాన్న ఆ గిన్నెలో మిగిలింది తానే తిన్నాడు.

పదకొండో రోజు భోజనాలకి అడ్డాకు విస్తళ్ళే కావాలని నాన్న పట్టుబట్టాడు. మిషన్ మీద నొక్కినవి కాదు, కుట్టినవి. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ తిరిగి, చివరికి నర్సీపట్నం వైపు ఒకావిడ కుడుతుందని తెలిసి తెప్పించాం. మా పెద్దత్త, డెబ్బై దాటిన మనిషి, ఒక విస్తరి తీసుకుని గ్లాసుడు నీళ్ళు పోసి చూసింది. కారలేదు. అప్పుడు వడ్డించనిచ్చింది.

మజ్జిగ బిందెలు ఇప్పుడు మా చిన్నత్త ఇంట్లో ఉన్నాయి. కవ్వం నా దగ్గర ఉంది. ఈ ఆషాఢ పౌర్ణమికి హనుమంతవాక దగ్గర అదే చోట పెడుతున్నాం. పెరుగు చిన్నమామ్మ మనవలు అగనంపూడి నుంచి తెస్తామన్నారు, అల్లం దంచే పని నాది. ప్రదక్షిణకి వచ్చేవాళ్ళు సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఎప్పుడొచ్చినా ఉంటాం. ఉప్పు కాస్త ఎక్కువే ఉంటుంది, కూర్చుని తాగి వెళ్ళండి.